చెప్పినవాడి స్వెట్టర్

ఆ సినిమా పేరు మీరు విని ఉండరు. విన్నామని ఎవరైనా అంటే వాళ్ళు మా దీవివాళ్ళన్నా అయి ఉండాలి, అబద్ధాలకోరులన్నా అయి ఉండాలి. దాని పేరు "ఉప్పు దారి". యుద్ధం అయిపోయిన ఐదేళ్ళకి, సగానికి సగం మా స్కార్వే దీవిలోనే తీశారు. మా దేశాన్ని ఆక్రమించిన జర్మన్ల కళ్ళుగప్పి మా పడవలు సముద్రం అవతల ఇంగ్లీషువాళ్ళ షెట్లాండ్ దీవులకి మనుషుల్ని దాటించిన కథ. పట్నంలో రెండు వారాలు కూడా ఆడలేదట. తర్వాత మాలాంటి దీవులకి పడవల మీద తిప్పారు. ఇప్పుడు దాని రీళ్ళు ఏ గోదాములో మగ్గుతున్నాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

నేను చెప్పబోయేది బోర్గిల్డ్ గురించి. ఆ సినిమా రాకపోయుంటే ఆమె గురించి ఎత్తడానికి నాకు నోరొచ్చేది కాదు. ఈ మాటంటే మా ఊళ్ళోవాళ్ళు పకపకా నవ్వుతారు. కొట్టు నడిపే ఈ సిన్నోవకి నోరు రాకపోవడమేంటి అని.

బోర్గిల్డ్ పంతొమ్మిదేళ్ళప్పుడు పక్క దీవి నుంచి కోడలిగా వచ్చింది. సన్నగా, పొట్టిగా, మాట్లాడితే ఎవరైనా పన్ను వేస్తారేమో అన్నట్టుండేది. ఇంట్లోంచి బయటికొస్తే తలుపు గడియ మూడుసార్లు లాగి చూసుకునేది. పడవ ఆలస్యమైతే చాలు, రేవులో నిలబడి వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుంటుండేది. "ఏం లెక్కే అది?" అనడిగితే, "కుట్లు అక్కా" అనేది. చేతిలో సూదులుండవు, ఊలుండదు. ఉత్త భయమే అల్లుతుండేది పిచ్చిది.

పెళ్ళయిన మొదటి చలికాలం మొగుడికి స్వెట్టర్ అల్లింది. మొగుడి పేరు ఆన్‌ఫిన్. గుండె మీద చెరోవైపు చుక్కపువ్వు అల్లడం మా దగ్గర ఆనవాయితీ. చుక్కపువ్వుకి ఎనిమిది రేకులుంటాయి. ఎక్కడ లెక్క తప్పిందో ఏమో, ఎడమవైపు పువ్వుకి ఏడే పడ్డాయి. అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైపోయింది.

"విప్పెయ్యవే! ఊరంతా నవ్వుతారు. కుట్లు లెక్కపెట్టడం రాని పిల్లని తెచ్చుకున్నామంటారు."

ఆన్‌ఫిన్ ఆ స్వెట్టర్ వేసుకునే ఉన్నాడు. "ఉండనీవే అమ్మా. రేపు సముద్రంలో పోయాననుకో, ఏడు రేకులు చూసి ఠక్కున గుర్తుపట్టొచ్చు" అన్నాడు.

మీకది మోటు హాస్యం అనిపించొచ్చు. మాకు కాదు. సముద్రం మొహాన్ని తినేస్తుంది కాని ఊలుని తినదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన మనిషి ఎవరింటివాడో మేం అల్లిక చూసి చెప్తాం. ఏ ఇంటి స్వెట్టర్ ఏదో దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆన్‌ఫిన్ ఏడు రేకులు ఇంకా బాగా తెలుసు.

ఈ ఆన్‌ఫిన్ మా ఉత్తరపు ఒడ్డుకి చెప్పే మనిషి. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన పని అది. చేపలు గుంపు కట్టినా, ఎవరైనా పోయినా, తుఫాను పట్టేలా ఉన్నా, ఒడ్డు మీద ఇళ్ళన్నిటికీ వరసగా తిరిగి చెప్పాలి. తలుపు మూడుసార్లు తడతాడు. కబురు చెప్తాడు. లోపలివాళ్ళు "విన్నాం" అనాలి. ఆ మాట చెవిన పడకుండా గడప దిగకూడదు. దిగితే ఆ ఇంటికి ఏం జరిగినా పాపం చెప్పినవాడిదే. మేం అతన్ని పేరుతో పిలిచింది తక్కువ. "చెప్పినవాడొచ్చాడా?" "చెప్పినవాడేమన్నాడు?" ఇదే మాట.

నలభైమూడు అక్టోబరులో మా రేవు నుంచి ఒక పడవ షెట్లాండ్ వెళ్ళాల్సి ఉంది. బడి పంతులు హాల్‌స్టైన్ పెట్టుకున్న పని అది. ఉత్తరపు ఒడ్డున ఆన్‌ఫిన్ ఇల్లు కాక ఉన్నవి ఆరే ఇళ్ళు, అన్ని ఇళ్ళలోంచీ ఎవరో ఒకరు అందులో చెయ్యి వేసినవాళ్ళే. ఆ రోజు పద్నాలుగో తారీఖు. మధ్యాహ్నం ఆన్‌ఫిన్ అవతలి ఒడ్డున చేపలు దింపి, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగాడు. "జర్మన్లకి తెలిసిపోయింది. ఇవాళ పడవ కదలదు. ఎవరూ బయటికి రావద్దు." ఇదీ కబురు. నాలుగిళ్ళవాళ్ళు విన్నామన్నారు. ఐదోది నా ఇల్లు. ఆరోది పంతులిది, కొండవాలు మీద. అక్కడికి వెళ్ళేసరికి తలుపుకి తాళం. పంతులు, షెట్లాండ్ దాటించాలని అతను ఇంట్లో దాచిపెట్టిన మనుషులిద్దరూ అప్పటికే వెనక దారిన పడవల పాక చేరిపోయారు. పాకలో జర్మన్లు కాచుకుని ఉన్నారు. ముగ్గురినీ కాల్చేశారు.

రెండ్రోజులకి ఆన్‌ఫిన్‌ని పట్టుకుపోయారు. స్వెట్టర్ ఉతికి తాడు మీద ఆరేసి ఉంది. ఆ చలిలో చొక్కాతోనే తీసుకెళ్ళారు. బోర్గిల్డ్ తడి స్వెట్టర్ పట్టుకుని రేవుదాకా పరిగెత్తింది, పడవ అందలేదు. తర్వాతి ఏడాది జర్మనీ నుంచి పోయాడని ఒక కాగితం వచ్చింది, అంతే. మనిషి రాలేదు.

ఇక మా ఊరి సంగతి వినండి. అతని మాట విని ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళే, యుద్ధం అయ్యాక గుసగుసలు మొదలెట్టారు. "జర్మన్లకి తెలిసిపోయిందని ఆన్‌ఫిన్‌కి ఎలా తెలిసింది? వాళ్ళతో కూర్చుంటేనేగా తెలిసేది?" నిప్పు లేనిదే పొగ రాదంటూ ఒకరు, పోయినవాడి గురించి మనకెందుకంటూనే ఇంకొకరు. బోర్గిల్డ్ నా కొట్టులోకి అడుగుపెడితే మాటలు టక్కున ఆగిపోయేవి. ఆమెకి అర్థం కాదా? అర్థమయ్యేది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు. కాఫీ పొడి తీసుకుని, తలుపు గడియ మూడుసార్లు లాగి వెళ్ళిపోయేది.

ఆ గుసగుస మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో తర్వాత చెప్తాను. కాస్త ఆగండి.

సినిమావాళ్ళు యాభయ్యో సంవత్సరం వేసవిలో దిగారు. ఎంత సందడనుకున్నారు! జర్మన్ యూనిఫారం వేసుకున్న కుర్ర నటుడొకడు నా కొట్టుకొచ్చి నవ్వుతూ సిగరెట్లడిగితే నా ఒంట్లో రక్తం సలసలా కాగింది. "ఆ గుడ్డలు విప్పేసి రా, అప్పుడిస్తా" అన్నాను. ముసలి రాగ్నా అయితే చేపలు కడిగిన నీళ్ళు బకెట్‌తో ఇంకొకడి మీద గుమ్మరించింది. పాపం, వాడు అడ్రసు అడగడానికి వెళ్ళాడంతే.

వాళ్ళకి యుద్ధం నాటి పాత బట్టలు కావాలన్నారు. పోగుచేసే పని నేను నెత్తికెత్తుకున్నాను. పిలవని పేరంటానికి వెళ్ళడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్రతి బట్టల మూటకీ ఎవరిదో ఏమిటో చీటీ రాసి కట్టాలి.

నేను అడక్కుండానే బోర్గిల్డ్ వచ్చింది. కాగితంలో చుట్టిన స్వెట్టర్ బల్ల మీద పెట్టి, దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"అక్కా, ఇది పడవలో వెళ్ళేవాళ్ళలో ఎవరికైనా వేస్తారా?"

"ఎందుకు వెయ్యరే? నేను చెప్తాగా."

"అవతలి ఒడ్డుకి చేరేవాడికి వెయ్యమను. దారిలో ప్రాణం పోయేవాడికి వద్దు." కాగితం అంచు సర్దింది. "ఆయన ఎలాగూ చేరలేదు. స్వెట్టరన్నా చేరితే చాలు."

నాకు మామూలు చీటీ రాయబుద్ధి కాలేదు. ఆన్‌ఫిన్ అని రాస్తే పట్నంవాళ్ళకేం తెలుస్తుంది? పెద్ద పెద్ద అక్షరాలతో, గౌరవంగా ఉండాలని, ఇలా రాశాను: "ఇది చెప్పినవాడిది." రాసి మురిసిపోయాను కూడా.

ఫిబ్రవరిలో ఎండు చేప చుట్టడానికి పాత పేపర్లు తీస్తుంటే ఒకదాంట్లో ఆ సినిమా బొమ్మ కనపడింది. బల్ల ముందు జర్మన్ అధికారి, ఎదురుగా టోపీ చేత్తో పట్టుకుని ఒక మనిషి. కింద రాశారు, "సాటివాళ్ళని పట్టిచ్చే ద్రోహిగా..." అని ఎవరో నటుడి పేరు. ద్రోహి గుండె మీద చుక్కపువ్వు. నేను రేకులు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

పేపరు మడిచేలోపు బోర్గిల్డ్ ఎదురుగా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

"అది ఇలా ఇవ్వక్కా."

"ఏం లేదులేవే, పాత పేపరు."

"ఇవ్వు."

చూసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, ఒకటి రెండు మూడు అనుకుంటూ. "ఇక్కడికెప్పుడొస్తుంది ఇది?" అంది.

"మార్చిలో అన్నారు. మూడు వారాలు."

"అందరూ చూస్తారు."

"సినిమా అది! ఏదో ఒకటి తగిలించి ఉంటారు. ఎవరు పట్టించుకుంటారే?"

"అక్కా, ఈ ఊళ్ళో ఏడు రేకులు పట్టించుకోనివాళ్ళు ఎవరు?" అంది.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. ఆమె రోజూ వచ్చేది. "సినిమా పడవ మునిగిపోతే బాగుణ్ణు" అనేది ఒకరోజు. మర్నాడే, "అయ్యో, సినిమా ఆడించే పెట్టె మనిషికి పిల్లలున్నారేమో, అలా అనుకోకూడదు" అనేది. తర్వాత, తను ఆ రోజుకి పుట్టింటికి పోతానంది. "పోతే నిజమే అనుకుంటారు కదా?" అని తనే అంది. పోకుండా ఉంటే వాళ్ళందరి మధ్యా కూర్చోవాలి. తిండి మానేసింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఒకసారి గొంతు తగ్గించి, ఎన్నడూ అడగనిది అడిగింది.

"నిజం చెప్పక్కా. ఆయన అలాంటివాడంటావా? ఎలా తెలిసిందో నాకు కూడా చెప్పలేదు. నాకు తెలిస్తే నా నోట్లోంచి లాగుతారని చెప్పలేదు. అంతేనా? లేక..."

సొంత పెళ్ళాం చేత కూడా ఆ "లేక" అనిపించింది ఈ ఊరు. నేను, "ఛీ, నోర్ముయ్" అని కసిరాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను. తేలు కుట్టిన దొంగకి అరుపు ఎక్కడినుంచి వస్తుంది?

కోపం పట్టలేక సినిమా కంపెనీకి ఉత్తరం రాశాను. పట్నంలో కూర్చుని మా ఊరి మనిషి పరువు తీస్తారా అని నాలుగు కాగితాలు దులిపేశాను. పదిరోజులకి జవాబొచ్చింది. బట్టలు చూసే ఆవిడ రాసింది, చాలా మర్యాదగా. "అమ్మగారూ, మాది పొరపాటైతే క్షమించండి. మీరు కట్టిన చీటీ ప్రకారమే చేశాం. చీటీ జతపరుస్తున్నాం." విప్పితే నా అక్షరాలే. ఇది చెప్పినవాడిది.

మాకు చెప్పినవాడంటే తలుపు తట్టి ప్రాణాలు కాపాడేవాడు. పట్నంవాళ్ళకి, ఆ యుద్ధంలో చెప్పినవాడంటే ఒక్కడే. జర్మన్లకి చెప్పినవాడు. ఇంత చిన్న విషయం నాకు తోచలేదు చూడండి! నెత్తిన మొట్టికాయ వేసుకున్నాను. చీటీ పొయ్యిలో పడేద్దామని రెండుసార్లు వెళ్ళాను. చెయ్యి రాలేదు. జేబులో పెట్టుకుని తిరిగాను.

శనివారం నాలుగింటికి యువజన శాలలో ఆట. ఎండ పడకుండా కిటికీలకి, యుద్ధంలో విమానాలకి దీపాలు కనపడకుండా కట్టుకున్న నల్ల కాగితాల తెరలే వెతికి కట్టారు. అవి చూసేసరికే సగం మందికి నవ్వులు పోయాయి. బోర్గిల్డ్ వచ్చింది. నల్ల గౌను వేసుకుని, మూడో వరసలో, చివరన కూర్చుంది. నేను ఆమె వెనక వరసలో. జేబులో చీటీ.

పెట్టె మనిషి దగ్గర ఉన్నది ఒకటే యంత్రం. రీలు అయిపోయినప్పుడల్లా దీపం వేసి ఇంకోటి ఎక్కించాలి. మొదటి రీలంతా గోలే గోల. "అదిగో మా పడవ!" "అదిగో, రాగ్నా మేక! దొరసానిలా ఎలా నడుస్తోందో!" రెండో రీలు వచ్చింది. తెర మీద ఒక మనిషి వీధి దాటాడు, అటూ ఇటూ చూశాడు, జర్మన్ ఆఫీసు మెట్లెక్కాడు. కోటు బొత్తాలు విప్పాడు. టోపీ తీశాడు. "నాకొక విషయం తెలుసు" అన్నాడు. అప్పుడు వాడి గుండె తెరంతా నిండింది. గోడ ఎత్తున చుక్కపువ్వు. ఏడు రేకులు. దాని మీదే రీలు అయిపోయింది. దీపం వెలిగింది.

ముందు నోరు జారింది రాగ్నా. ఆమెకి చెడు ఉద్దేశం లేదు, గట్టిగా మాట్లాడటమే వచ్చు. "అయ్యో, అది మన ఆన్‌ఫిన్ స్వెట్టర్ కదూ!"

వెనకనుంచి ఎవరో మగగొంతు, మెల్లగానే, అందరికీ వినపడేలా అంది. "అయితే సినిమావాళ్ళదాకా పాకిందన్నమాట సంగతి."

బోర్గిల్డ్ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. అలా అయితే అయిపోయినట్టే, ఆన్‌ఫిన్ ఇక ఎప్పటికీ ద్రోహే. ఆమె వెళ్ళలేదు. జనం వైపు తిరిగింది. పిడికిలితో బల్ల మీద తట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

మా దీవిలో ఆ చప్పుడు వింటే నిద్రలోనైనా లేచి కూర్చుంటాం.

"ఒకటో ఇల్లు" అంది. గొంతు పీలగా ఉంది. "మీకాల్ తాతా. ఇవాళ పడవ కదలదు. ఎవరూ బయటికి రావద్దు."

పడవలు కట్టే మీకాల్ తాతకి డెబ్బై దాటాయి. ఎర్రబడ్డ కళ్ళతో అటూ ఇటూ చూశాడు. కర్ర పట్టుకుని లేచి టోపీ తీశాడు.

"విన్నాం" అన్నాడు.

"రెండో ఇల్లు. రాగ్నా పిన్నీ. ఇవాళ పడవ కదలదు. ఎవరూ బయటికి రావద్దు."

"విన్నామే తల్లీ, విన్నాం" అని భోరుమంది రాగ్నా. ఆ రోజు ఆమె కొడుకులిద్దరూ పాకకి బయలుదేరబోతూ ఆగిపోయారు. ఇద్దరూ ఆ పక్కనే, పెళ్ళాం పిల్లలతో కూర్చుని ఉన్నారు.

మూడో ఇల్లు విన్నామంది. నాలుగో ఇంటి మనిషే ఆ వెనకనుంచి మాట్లాడినవాడు. చాలాసేపు తల ఎత్తలేదు. బోర్గిల్డ్ కదలలేదు, మాట వినపడేదాకా కదలకూడదు కదా. చివరికి గొణిగినట్టుగా, "విన్నాం" అన్నాడు.

"ఐదో ఇల్లు. సిన్నోవక్కా."

ఇప్పుడు చెప్పాలి. ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను.

ఆ రోజు ఆన్‌ఫిన్ నా తలుపు తట్టినప్పుడు నేను విన్నామనలేదు. "నీకెలా తెలుసు?" అన్నాను. "తర్వాత చెప్తా వదినా, విన్నామను" అన్నాడు. "ముందు ఎవరు చెప్పారో చెప్పు" అన్నాను. ఆరా తీయడం నా రోగం. "వదినా, ఇంకో ఇల్లుంది, మాట అను" అని బతిమాలాడు. విన్నామన్న మాట చెవిన పడకుండా గడప దిగలేడు, తండ్రి నేర్పిన పద్ధతి అది. పొయ్యి మీద కాఫీ పెట్టి ఉంది. అది పొంగి, పొయ్యి ఆరిందాకా అతన్ని గడప మీద నిలబెట్టాను. పొయ్యి చూసుకునే కంగారులో, "సరే సరే, పో" అన్నాను. అది కూడా విన్నాం కాదు. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి కొండవాలు వైపు పరిగెత్తాడు.

యుద్ధం అయ్యాక మొదట నా కొట్టులోనే, నా నోటితోనే, ఆ మాట పుట్టింది. అతనికెలా తెలిసిందో అని. అలా అనకపోతే, పంతులిల్లు ఎందుకు ఆలస్యమైందని ఎవరైనా అడుగుతారేమోనని నా భయం.

"ఐదో ఇల్లు" అని మళ్ళీ అంది బోర్గిల్డ్. "ఇవాళ పడవ కదలదు. ఎవరూ బయటికి రావద్దు."

"విన్నాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆమె తల ఊపింది. "ఆరో ఇల్లు. పంతులు గారూ."

ఎవరూ పలకలేదు. పలకడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆమె ఎదురు చూస్తూ నిలబడింది. పెట్టె మనిషి కూడా రీలు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను. నీకెలా తెలుసన్నది, కాఫీ పొంగింది, కొట్టులో నేను మొదలెట్టిన గుసగుస, అంతా. చీటీ తీసి చూపించాను. "ఆన్‌ఫిన్‌ని ద్రోహిని చేసింది సినిమావాళ్ళు కాదు. నేనే. రెండుసార్లూ నేనే" అన్నాను. ఎవరైనా నా మీద ఉమ్మితే బాగుణ్ణనిపించింది.

బోర్గిల్డ్ వచ్చి చీటీ నా చేతిలోంచి తీసుకుంది. దీపానికెత్తి చదివింది.

"ఇందులో తప్పేం రాశావక్కా?" అంది. "చెప్పినవాడేగా."

కాఫీ సంగతి ఆమె ఎత్తలేదు. నా మొహంలోకి చూస్తూ, "విన్నాం" అంది.

వెళ్ళి తన చోట్లో కూర్చుంది. పెట్టె మనిషి దీపం ఆర్పాడు. మూడో రీలులో ద్రోహి చచ్చిపోయాడనుకుంటాను, పడవ చేరిందనుకుంటాను. నాకు సరిగ్గా కనపడలేదు.

మా దగ్గర విన్నాం అంటే క్షమించామని కాదు. కబురు చేరిందని, అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ ఆమె నాతో ఎన్నడూ అనలేదు. కొట్టుకి మాత్రం మానలేదు, బతికున్నన్నాళ్ళూ వచ్చింది. కాఫీ పొడే, ఊలే. ఒక్కటే మారింది. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, గడప మీద ఆగి మూడుసార్లు తట్టేది. నేను చేతిలో ఏ పనున్నా వదిలేసి, వెంటనే "విన్నాం" అనేదాన్ని.